చుక్కాని పలక

చింతలవాగు మీద వెంకటరత్నం ఓడ చుక్కాని పలక వేశాడు. వీరులపాడు మండలంలో సముద్రం చూసినవాళ్ళే తక్కువ. ఓడ అడుగున నీళ్ళలో మునిగి ఉండే ఇనుము ఎలా ఉంటుందో చూసినవాడు ఒక్కడూ లేడు. అలాంటి ఇనుము సముద్రం వదిలి ఈ మెట్ట ఊరి వాగు మీదికి వచ్చి పడడానికి కారణం ఒక గేటు.

వెంకటరత్నం చేను వాగుకి అవతల ఉంది. దాన్ని ఆనుకుని జగన్నాథరావు చేను. ఊళ్ళోంచి అవతలికి పోవడానికి రెండు దారులు. వాగు పారనప్పుడు అందులో దిగి ఎక్కి పోవచ్చు. పారేటప్పుడు చుట్టు తిరిగి, తారురోడ్డు మీది వంతెన దాటి, జగన్నాథరావు చేలోంచి నడవాలి. ఆ దారికి జగన్నాథరావు ఇనపగేటు పెట్టి తాళం వేసుకున్నాడు. మోటారు వైర్లు దొంగలెత్తుకుపోతున్నారని చెప్పేవాడు. అడిగినవాళ్ళకి తాళం తీసేవాడు. అడగడానికి మనిషి దొరకాలి.

మూడేళ్ళ కిందట పత్తిచేలో వెంకటరత్నం భార్య సామ్రాజ్యాన్ని రక్తపింజర కరిచింది. వాగు నిండుగా ఉంది. ఆమెను భుజాన వేసుకుని గేటు దగ్గరికి పరిగెత్తాడు. వెనకాలే కూలికి వచ్చిన జెరూషా. గేటుకి తాళం ఉంది. లోపల షెడ్డు ముందు జగన్నాథరావు బండి నిలబెట్టి ఉంది. వెంకటరత్నం గేటు పట్టుకుని ఊపాడు. జగన్నాథం, జగన్నాథం అని గొంతు పగిలేలా అరిచాడు. షెడ్డులోంచి ఎవరూ రాలేదు. చివరికి ముళ్ళకంచె తొక్కి రోడ్డెక్కి ఆటో ఆపారు. ఆటోలో సామ్రాజ్యం తల జెరూషా ఒళ్ళో ఉంది. దారి పొడుగునా మూలుగుతూనే ఉంది. నందిగామ ఆసుపత్రిలో డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని చూసి, ఆ చేతిని మెల్లగా మంచం మీద పెట్టేశాడు.

"మోటారు చప్పుడులో వినపళ్ళేదు బావా," అన్నాడు జగన్నాథరావు, పెద్దకర్మ నాడు వచ్చి. సామ్రాజ్యానికి అతను పినతల్లి కొడుకు. ఆ వరసన బావా అంటాడు.

ఆ సాయంత్రం కరెంటు ఉందో లేదో ఊళ్ళో ఎవరికీ గుర్తు లేదు. వెంకటరత్నానికి గుర్తుంది. లేదు.

పెద్దమనుషులు కూర్చుని గేటు తాళం తీయించారు. న్యాయం జరిగిపోయిందనుకుని టీలు తాగి లేచారు. వెంకటరత్నం మాత్రం జగన్నాథరావుతో మాట మానేశాడు. ఆ ఊళ్ళో అది వింతేం కాదు. వాళ్ళకి మాటల్లేవు అంటే అందరూ తలూపేవాళ్ళు, ఇక దాని గురించి అడిగేవాళ్ళు కాదు. తండ్రుల నాటి మాటల్లేనితనాన్ని కొడుకులు పొలంతో పాటు పంచుకున్న ఇళ్ళున్నాయి. దానికీ ఒక పద్ధతి ఉంది. మాటల్లేనివాళ్ళకి తప్పనిసరై ఏదన్నా చెప్పాల్సి వస్తే, మనిషికి చెప్పరు. పక్కనున్న గోడకో, గొడ్డుకో, చెట్టుకో చెబుతారు. వినాల్సినవాడు వింటాడు. జవాబివ్వాలంటే వాడూ ఆ చెట్టుకే ఇస్తాడు.

వెంకటరత్నం చెట్టుకి కూడా చెప్పలేదు. తాళం తీసిన గేటులోంచి ఒక్కసారీ నడవలేదు. వాగు పారిన రోజుల్లో చేనుకి పురుగు పట్టినా ఇంట్లోనే కూర్చునేవాడు. వద్దని చెప్పే పిల్లలు లేరు. సరిచేసే ఆడమనిషి లేదు. చివరికి సొంతానికి ఒక దారి వేసుకోవాలనుకున్నాడు. వాగు ఒకచోట రెండు గట్ల మధ్య గొంతులా సన్నబడుతుంది. ఇవతలి గట్టున తుమ్మచెట్టు ఉంటుంది. అక్కడ ఒక పలక వేస్తే చాలు.

ఎండాకాలంలో జగ్గయ్యపేట బస్సెక్కి వెళ్ళి బుడే సాహెబ్ పాత ఇనుము కొట్టు ముందు దిగాడు. సిమెంటు ఫ్యాక్టరీల్లో అరిగిపోయిన ఇనుమంతా ఆ కొట్టుకే వస్తుంది. అక్కడ మనుషుల కనుబొమల మీద కూడా బూడిదరంగు దుమ్ముంటుంది.

"వాగు మీదికి ఇనుమెందుకండీ రత్నంగారూ? తూములేసి కాంక్రీటు పోసుకోండి."

"పోశాం. రెండుసార్లు కొట్టుకుపోయినయ్."

"అయితే కొట్టుకుపోనిది చూపిస్తా రండి."

కొట్టు వెనక గోడవార అది పడి ఉంది. పన్నెండడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. ఒక అంచు లావుగా మొదలై, రెండో అంచుకి పోనుపోను సన్నబడి, చేప పొట్టలా ఉంది. పెచ్చులూడిన ఎర్రరంగు మీద తెల్లటి గుల్లలు పొక్కుల్లా అతుక్కుని ఉన్నాయి. ఒక కొసన తొడలావు గుండ్రటి ఇనపకడ్డీ మొండిచేతిలా బయటికి పొడుచుకు వచ్చింది.

"ఏందిది?"

"చుక్కాని. ఓడది. వైజాగు నించి తుక్కులో వచ్చింది."

"ఓడ ఏమైంది?"

"ఓడ సంగతి నాకెందుకండీ, నేనేమన్నా నవాబునా. ఇది మాత్రం గొప్ప సరుకు. ఈ కడ్డీ మీద ఇంత పలక ఇలా తిరిగిందంటే ఊరంత ఓడ తల వంచుకుని అటు పోవాల్సిందే. మా ఇంట్లో జైబున్నీసా ఉన్నట్టు." బుడే సాహెబ్ నవ్వాడు. ఎదుటివాడికి ఇంట్లో ఎవరూ లేరని అప్పుడు తట్టి, గొంతు సవరించుకున్నాడు.

"బరువెంత?"

"టన్నున్నర. మీ వాగు కాదు, మున్నేరొచ్చి మీద పడ్డా కదలదు."

"మరి ఇన్నాళ్ళూ కొయ్యకుండా ఎందుకు ఉంచావు?"

"లోపల డొల్లండి. మూసి ఉన్నదాన్ని గ్యాసు పెట్టి కోస్తే పేలిద్దని మావాడు ముందు చిల్లు పొడిచాడు. నీళ్ళు కారినయ్. వాడు వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పగా ఉన్నయ్యంట. అప్పట్నించీ దీన్ని కొయ్యనంటాడు. ఎవరి కన్నీళ్ళో అంటాడు. పిచ్చినాయాలు."

కడ్డీ పక్కనే, లావు అంచులో, రూపాయి బిళ్ళంత చిల్లు. వెంకటరత్నం దాంట్లో వేలు పెట్టి చూశాడు. తడి లేదు. చల్లగా ఉంది.

"లారీకెక్కించు," అన్నాడు.

క్రేను పెట్టి దింపిస్తుంటే సగం ఊరు చూడ్డానికి వచ్చింది. తాపీమేస్త్రి శాంతయ్య ఇవతలి గట్టులో గుంట తీసి, ఆ గుండ్రటి కడ్డీని అందులో పెట్టి చుట్టూ సిమెంటు పోశాడు. అవతలి కొస రాతికట్టు మీద ఊరికే ఆనుకుంది.

"ఆ కొసకి కూడా ఇనప పట్టీలు బిగిద్దామంటారా?" అన్నాడు శాంతయ్య.

"నువ్వేమంటావు?"

"టన్నున్నరండీ. దాని బరువే దానికి పట్టీ."

అందరూ అవునన్నారు. వెంకటరత్నం కూడా అన్నాడు. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. టెంకాయ నీళ్ళు పలక మీద నిలవకుండా రెండువైపులా జారిపోయాయి. పలక గూనిగా ఉంది కదా మరి.

తెల్లారి దాని మీద మొదట దాటింది జగన్నాథరావు. చుట్టుదారి కంటే దగ్గర. వాగు పోరంబోకు, ఎవడబ్బ సొమ్మూ కాదు. మోటారుబండి మీద దడదడమంటూ ఇవతలికి వచ్చి, కాలు కింద పెట్టి, గట్టు మీద నిలబడ్డ వెంకటరత్నాన్ని కాకుండా అతని పక్కనున్న తుమ్మచెట్టుని చూసి, "బాగానే ఉంది పలక. మంచి పని చేశారు," అన్నాడు.

తుమ్మచెట్టు జవాబివ్వలేదు. జగన్నాథరావు రోజూ దాటుతూనే ఉన్నాడు. తనను చంపిన గేటు తప్పించుకోవడానికి వేసుకున్న దారి మీద ఆ గేటు పెట్టినవాడే ఈలవేసుకుంటూ పోవడం వెంకటరత్నం చూస్తూనే ఉన్నాడు. చచ్చింది సామ్రాజ్యమే అయినా, ఆ గేటు తననే చంపిందని అనుకునేవాడు.

జూన్‌లో పడమటిగాలి మొదలైంది. పలక మూలగడం కూడా.

గాలి వాగు గొంతులోంచి తోసుకు వచ్చి చిల్లు మీదుగా పోయినప్పుడల్లా డొల్ల లోపలినించి ఒక శబ్దం లేచేది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే శబ్దం లాంటిదే, కానీ చాలా కింది గొంతు. లేచి, కాసేపు సాగి, ఊపిరి అందనట్టు తెగిపోయేది. మళ్ళీ లేచేది. విత్తనం పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు ఒక పూట దాటారు, రెండో పూట గట్టు మీదే ఆగిపోయారు. వాళ్ళ ముఠాకి మేస్త్రి జెరూషా.

"ఏం, ఎందుకాగారు?" అన్నాడు వెంకటరత్నం.

"మీ ఇనుము మూలుగుతుందయ్యా."

"ఇనుము మూలుగుద్దా? గాలి అది."

"గాలేనని మాకూ తెలుసు. బైబిలు చదివినోళ్ళం, దెయ్యాలకి భయపడం." జెరూషా నవ్వబోయి మానుకుంది. "కాకపోతే వీళ్ళు ఒక మాట అంటున్నారు. నేనన్లేదు."

"ఏమంట?"

"అమ్మ మూలిగినట్టే ఉందంట."

వెంకటరత్నం ఆ ఆడవాళ్ళ వంక చూశాడు.

"వీళ్ళు ఎక్కడ విన్నారయ్యా, వీళ్ళకేం తెలుసు. తల నా ఒళ్ళో ఉంది, నాకు తెలుసు." జెరూషా పలక వంక చూసింది. "అట్టాగే ఉంది."

ఆ మధ్యాహ్నం అందరూ పోయాక వెంకటరత్నం ఒక్కడే పలక మీద కూర్చున్నాడు. గాలి వచ్చింది. చిల్లు మీద అరచెయ్యి పెట్టాడు. ఆగిపోయింది. చెయ్యి తీశాడు. మళ్ళీ మొదలైంది. ఆటోలో కూడా ఆమె నోటి మీద చెయ్యి పెట్టబోయాడు, ఊరుకో ఊరుకో అని. అది గుర్తొచ్చింది. అరచెయ్యి మళ్ళీ పెట్టి, పొద్దు వాలిందాకా తీయలేదు.

మర్నాడు చిల్లకల్లు వెళ్ళి వెల్డరు బెన్నిని పిలుచుకొచ్చాడు. బెన్ని మెషీను దింపి, పలక మీద సుత్తితో కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"లోపలేముందండీ?"

"ఏముంటది. గాలి."

"గాలిని మూస్తే ఊరుకోదండి, ఎప్పుడో అప్పుడు లేస్తది." పళ్ళు బయటపెట్టి నవ్వాడు. అది ఆటో వెనక రాసుకునే మాటల్లాంటిదే తప్ప అందులో వాడికేమీ తెలిసి అన్నది లేదు. చిల్లు మీద రేకుముక్క పెట్టి చుట్టూతా అతుకు వేసి, నీళ్ళు పోసి, బుడగ రావడం లేదని చూపించి వెళ్ళిపోయాడు.

గాలి వచ్చింది. పలక నోరెత్తలేదు. జెరూషా మడమతో దాన్ని తన్ని, "నోరు నొక్కేశారుగా, ఇక మాకేం," అని ముందు తను దాటింది. మిగతావాళ్ళు దాటారు. వెంకటరత్నానికి మనసు నెమ్మదించిందా అంటే లేదు. చప్పుడున్నప్పుడు ఒక బాధ. పోయాక ఇంకో బాధ. కానీ పని నడిచింది.

భాద్రపదంలో ఒక రోజు ఊళ్ళో చినుకు లేదు. ఎగువన, మధిర వైపు మాత్రం ఆకాశం కాటుక పూసినట్టు ఉంది. వెంకటరత్నం మిరపచేలో మందు వేసి మధ్యాహ్నం దాటాక ఇంటికి బయలుదేరాడు. వాగు దగ్గరికి వచ్చేసరికి ఎర్రనీళ్ళు గట్టు అంచుకి దగ్గరపడి, పలక పొట్ట తడుపుతున్నాయి. చితుకులు, నురగ, ఒక ప్లాస్టిక్ కుర్చీ కొట్టుకుపోతున్నాయి. పలక పైభాగం ఇంకా పొడిగానే ఉంది.

కుడికాలు పెట్టాడు.

పలక కాలి కింద ఒదిగింది. టన్నున్నర ఇనుము మనిషి కాలికి ఒదిగి, కాలు తీస్తే మళ్ళీ లేచింది. ఎప్పుడో వయసులో ముక్త్యాల దగ్గర కృష్ణ దాటుతూ పుట్టి పడవలో కాలు పెట్టాడు. ఆ ఒదగడం ఇదే. అయినా వెనక్కి తిరిగితే దారి ఆ గేటు వైపే. మోకాళ్ళ మీద, చేతుల మీద, చంటిపిల్లాడిలా పాకి ఇవతలికి వచ్చిపడ్డాడు.

గట్టెక్కి చూశాడు. శాంతయ్య పోసిన సిమెంటులో గుండ్రటి కడ్డీ చుట్టూ పగులు కనిపించింది. ప్రతి అలకీ ఆ కడ్డీ పగులు లోపల కొంచెం అటు, కొంచెం ఇటు, తిరగలి పిడి పట్టుకుని ఆడించినట్టు తిరుగుతోంది. అవతలి కొస రాతి మీద ఆనడం లేదు. తేలుతోంది.

మూతి బిగించిన బిందె నీళ్ళలో మునగదు. ఈ సంగతి వెంకటరత్నానికి బుద్ధి తెలిసినప్పట్నించీ తెలుసు. అది బిందెల సంగతి అనుకున్నాడు. చిల్లు ఉన్నన్నాళ్ళూ నీళ్ళు తగిలితే లోపలికి పోయేవి, అది పలకగానే ఉండేది. చిల్లు మూసిన రోజున దాన్ని తన చేత్తో పడవ చేశాడు. ఇంకొంచెం నీళ్ళొస్తే, దాని మీద ఇంకొంచెం బరువు పడితే, కడ్డీ మీద తిరుగుతుంది. తిరగడం ఒక్కటే దానికి తెలిసిన పని.

తుమ్మచెట్టు కింద కూర్చున్నాడు. పోయి ఎవరికన్నా చెబుదామని లేచి, మళ్ళీ కూర్చున్నాడు. అవతల జగన్నాథరావు చేలో పనిచేస్తున్న ఆడవాళ్ళ చీరలు కనిపిస్తున్నాయి. జగన్నాథరావు బండి కూడా షెడ్డు ముందు కనిపిస్తోంది. ఆ రోజు కనిపించినట్టే.

పొద్దు వాలుతుండగా జెరూషా ముఠా సద్దిగిన్నెలు పట్టుకుని అవతలి గట్టు మీదికి వచ్చింది.

"ఇటు రావద్దు," అని అరిచాడు వెంకటరత్నం. "చుట్టు తిరిగి పొండి. రోడ్డు మీద పొండి."

"పైకెక్కలేదుగా నీళ్ళు?"

"చెబుతుంటే కాదూ. పొండి."

జెరూషా ఆడవాళ్ళని వెనక్కి మళ్ళించింది. తను మాత్రం ఆగింది. "ఆయనింకా చేలోనే ఉన్నాడయ్యా. మందు కొడుతున్నాడు. పోయి చెప్పి రానా?"

వెంకటరత్నం నీళ్ళ వంక చూశాడు.

జెరూషాకి ఆ ఇద్దరి సంగతీ తెలుసు. వెనకనించి ఆడవాళ్ళు, వానొచ్చేటట్టుంది రావే అని కేకేస్తున్నారు. మనిషి అక్కడే, పలకకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. తమను ఆపినవాడు ఇంకొకణ్ణి ఆపడా?

"మీరుంటారుగా ఇక్కడ?" అంది.

"ఉంటా," అన్నాడు వెంకటరత్నం.

ఆమె వెళ్ళిపోయింది. వాళ్ళ మాటలు దూరమై, గేటు రెక్క కిర్రుమనడం వినిపించింది. గాలి ఇటే కొడుతోంది. అంత దూరంనించి గేటు చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆ సాయంత్రం తను అరిచిన అరుపు షెడ్డులోకి ఇంకా స్పష్టంగా వినిపించి ఉంటుంది. వెంకటరత్నం అది లెక్క వేసుకున్నాడు.

నీళ్ళు ఇంకాస్త లేచాయి. పలక సన్నటి అంచు ఒకసారి మునిగి తేలింది.

జగన్నాథరావు బండి మీద వచ్చాడు. వెనక మందు కొట్టే డబ్బా కట్టుకున్నాడు. పలక ముందు ఆపి, నీళ్ళని చూశాడు. తర్వాత పద్ధతి ప్రకారం తుమ్మచెట్టుని చూశాడు.

"నీళ్ళు తగిలినట్టున్నయ్," అన్నాడు చెట్టుతో. "పలక గట్టిగానే ఉందంటావా?"

చెట్టు కింద మనిషి కదల్లేదు.

జగన్నాథరావు బండి ఆపు చేశాడు. ఏమనుకున్నాడో, చూపు చెట్టు మీదినించి మనిషి మీదికి దించాడు. మూడేళ్ళలో అది మొదటిసారి.

"బావా," అన్నాడు. "దాటొచ్చా?"

ఆగు. రెండక్షరాలు. అవి నాలిక మీదికి వచ్చాయి కూడా. వెంకటరత్నం వాటి రుచి చూశాడు. తను గేటు ఊపుతూ అడిగింది ఇంతకంటే పెద్దదేం కాదు. ఒక మనిషి లేచి బయటికి రావడం. అంతే. చెయ్యెత్తి అడ్డంగా ఊపినా చాలు, మాట కూడా అక్కర్లేదు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. అక్కడే ఉంచాడు.

జగన్నాథరావు కాసేపు చూసి, తల పంకించి నవ్వాడు. "ఇంకా అదేనా నీకు," అన్నాడు. మాటల్లేనివాడు మాట్లాడకపోతే అందులో అర్థం ఏముంటుంది? ఆ ఊళ్ళో పుట్టిన ఎవడైనా అలాగే అనుకుంటాడు. కొత్తవాడైతే అనుమానించి ఉండేవాడు. జగన్నాథరావు ఆ ఊరివాడు. బండి స్టార్టు చేశాడు. ప్రమాదం ఉంటే మనిషన్నవాడు అలా కూర్చోడు గదా.

ముందు చక్రం ఎక్కింది. పలక ఒదిగింది. వెనక చక్రం ఎక్కింది. జగన్నాథరావుకి తేడా తెలిసి కాలు కింద పెట్టబోయాడు, అప్పటికే మధ్యకి వచ్చాడు. బరువు ఒక పక్కకి పడింది. ఇవతలి గట్టులో సిమెంటు పెళపెళమంది. పలక తిరిగింది. అన్నేళ్ళూ సముద్రంలో ఎలా తిరిగిందో అలాగే, తొందర లేకుండా, కడ్డీ మీద తన చుట్టూ తాను తిరిగి, వాగుకి అడ్డంగా మూసిన తలుపులా నిలబడింది. బండి దీపం నీళ్ళ కింద కాసేపు పచ్చగా వెలిగింది.

సన్నటి అంచు మీద నాలుగు వేళ్ళు కనిపించాయి.

"బావా."

వెంకటరత్నం లేచి నిలబడి ఉన్నాడు. భుజం మీది కండువా చేతిలోకి వచ్చింది. విసరడానికి తీశాడో, ఎందుకు తీశాడో తనకే తెలియదు. కండువా అందేంత దూరమే. అది ఆలోచిస్తూ ఉండగా వేళ్ళు లేవు. కండువా మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

ఆ చీకటికి వాగు పలకని కూడా గట్టులోంచి పెరికి పట్టుకుపోయింది.

జగన్నాథరావు రెండోనాడు దిగువన కంపచెట్లలో దొరికాడు. ఎస్సై వచ్చి పంచాయతీ ఆఫీసు వరండాలో ఊరిపెద్దల ముందే అడిగాడు.

"నువ్వు గట్టు మీదే ఉన్నావంటున్నారు. చూస్తూ ఉండి చెప్పలేదా?"

"మాకు మాటల్లేవండి," అన్నాడు వెంకటరత్నం.

ఎస్సై పెద్దమనుషుల వంక చూశాడు. వాళ్ళు తలూపారు. మూడేళ్ళుగా లేవండి, అన్నాడొకాయన. దశరథరామయ్య అనే ఇంకో పెద్దాయన, పాపం ఇద్దరూ మంచోళ్ళే, అన్నాడు. ఎస్సై రాసుకుని వెళ్ళిపోయాడు. వినపళ్ళేదన్న మాట ఆ రోజు ఎలా చెల్లిందో, మాటల్లేవన్న మాట ఈ రోజు అలాగే చెల్లింది. జెరూషాని ఎవరూ అడగలేదు. ఆమె గుంపు వెనక, పిల్లర్ని ఆనుకుని నిలబడి, వెంకటరత్నాన్నే చూస్తూ ఉంది.

ఆ ఏడు మిరప విరగకాసింది. మొదటి కోతకి వచ్చేసరికి చేను ఎర్రదుప్పటి కప్పినట్టు ఉంది. ముఠా రాలేదు. ఒకరోజు చూసి, ఇంకోరోజు చూసి, వెంకటరత్నం ఊరి చివర పల్లెలోకి నడిచి జెరూషా వాకిట్లో నిలబడ్డాడు. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

"కోతకి మనుషుల్ని తీసుకురా జెరూషా. కాయ మాగిపోతుంది."

చేట ఆగలేదు.

"ఎక్కువిస్తాలే."

నూకలు కోళ్ళకి విసిరింది. తలెత్తలేదు.

వెంకటరత్నం చుట్టూ చూశాడు. వాకిట్లో పందిరి గుంజ ఉంది. గొంతు తగ్గించి ఆ గుంజతో, "మనుషులు కావాలి," అన్నాడు. మాటల్లేనివాళ్ళకి అదొక దారి కదా.

జెరూషా చేట పట్టుకుని లేచింది. గుంజకి కూడా జవాబు చెప్పలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

చుట్టుపక్కల ఏ ముఠా రాలేదు. జెరూషా ముఠాని ఎవరూ కారణం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. కాయ చెట్టునే ఎండి, తాలుగా మారి, రాలింది.

దిగువ మలుపులో, వాగు ఇసక మేట వేసిన చోట, పలక నిలువునా కూరుకుపోయి ఉంది. కడ్డీ కొస పైకి, రెండో కొస ఇసకలోకి. కొట్టుకొచ్చిన దుంగలు ఎక్కడో గుద్ది బెన్ని వేసిన రేకుముక్క ఊడిపోయింది. గాలి మళ్ళినప్పుడు అది మూలుగుతుంది. పల్లెలోకి వినిపిస్తుంది, ఊళ్ళోకీ వినిపిస్తుంది. అది ఎవరి గొంతులా ఉందో ఇప్పుడెవరూ అనడం లేదు.

వెంకటరత్నం ఒకసారి దిగి దాని దగ్గరికి వెళ్ళాడు. చెయ్యెత్తాడు. చిల్లు పైకొసన ఉంది. అందలేదు.